పురుగుమందు, డీజిల్ ఇంకిన నేలకు బ్యాక్టీరియా డబ్బా కొనాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నాకు అర్థమైంది ఇది. అనంతపురం జిల్లా నార్పల దగ్గర మీ చీనీ (బత్తాయి) తోటలో పాత ఇంజన్ షెడ్డు పోయిన వానలకు కూలింది. అందులో మీ తాతగారి కాలం నాటి తెల్ల పొడి సంచులు రెండు, సగం సగం మిగిలిన పురుగుమందు డబ్బాలు ఓ డజను ఉన్నాయి. దానికి తోడు పోయినేడు డ్రమ్ము ఒరిగి దాదాపు 100 లీటర్ల డీజిల్ అక్కడే ఇంకింది. ఇప్పుడు మూడు సెంట్ల మేర గరిక కూడా మొలవడం లేదు. మందుల అంగడాయన లీటరు 1,200 రూపాయల బ్యాక్టీరియా ద్రావణం పది లీటర్లు పోస్తే విషమంతా తినేస్తుందన్నాడు. మీ నాన్నగారేమో జేసీబీతో మట్టి తీసి వంకలో పోయిద్దామంటున్నారు. మీ బామ్మర్ది జీవామృతం చాలంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

వంక మాట మాత్రం అసలు వద్దు. డబ్బా ఇప్పుడే కొనొద్దు. జీవామృతం మాటలో సగం నిజం ఉంది, అది ఏ సగమో తర్వాత చెప్తాను. మీక్కావలసిన బ్యాక్టీరియా చాలావరకు ఆ షెడ్డు మట్టిలోనే ఉంది. దానికి ఊపిరాడటం లేదు, అంతే.

ముందు ఈ వారం చేయాల్సిన పని. బ్యాక్టీరియా నేలలో ఇంకిన మరకను తినగలదు గానీ సంచిలో ఉన్న పొడిని, డబ్బాలో ఉన్న చిక్కటి మందును తినలేదు, చస్తుంది. కాబట్టి ఆ సంచులు, డబ్బాలు వేరే లెక్క. గ్లవ్స్, ముక్కుకు మాస్కు, కాళ్లకు బూట్లు వేసుకుని, చిరిగిన సంచిని అలాగే ఇంకో మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. నేల మీద తడిగా కారిన చోట రంపపు పొట్టో, పొడి బంకమట్టో చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తి మరో సంచిలో వేయండి. కాల్చొద్దు. క్లోరిన్ ఉన్న మందులు మామూలు మంటలో కాలితే వచ్చే పొగ మందుకన్నా చెడ్డది. ఇంట్లో, గొడ్ల పాకలో పెట్టొద్దు. మండల వ్యవసాయాధికారికి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పండి. ఈలోపు వాన నీళ్లు ఎగువ నుంచి షెడ్డు జాగాలోకి రాకుండా పైవైపు ఒక కట్ట, లోపలి నీళ్లు బయటికి పోకుండా కింది వైపు ఇంకో కట్ట వేయించండి. మనది ఎర్ర ఇసుక నేల, అడుగున పగుళ్ల రాయి. బోరుకు దారి చాలా దగ్గర. వంకలో పోస్తే మీ మూడు సెంట్ల తలనొప్పి కింది ఊరి చెరువంతా అవుతుంది.

ఇక డబ్బా సంగతి. నేను ముప్ఫై ఏళ్లకు పైగా మట్టిలో సూక్ష్మజీవులతోనే పనిచేశాను. ఒకసారి ఇలాంటి పొట్లమే ఒక రైతు నా దగ్గరికి తెచ్చాడు. గ్రాముకు పది కోట్ల జీవకణాలు అని అట్ట మీద ఉంది. ప్లేటు మీద పెంచి చూస్తే వేలల్లో కూడా సరిగ్గా రాలేదు. వచ్చినవాటిలో చాలావరకు ఎక్కడైనా దొరికే బాసిల్లస్ బ్యాక్టీరియానే. వాటికి క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు తప్ప వేరే తిండి లేకుండా పెడితే ఒక్కటీ పెరగలేదు. కంపెనీ మోసమే చేసిందని నేననను. మే నెలలో రేకుల అంగట్లో మూడు నెలలు ఉంచితే ఏ జీవి బతుకుతుంది? బతికి వచ్చినా కొత్త నేలలో దానికి చోటు దొరకదు. ఉన్న జాగా అంతా స్థానిక సూక్ష్మజీవులు ఆక్రమించుకుని ఉంటాయి, ప్రొటోజోవాలు అనే ఏకకణ జీవులు కొత్తగా వచ్చినవాటిని మేసేస్తాయి. రెండు మూడు వారాల్లో ఆనవాలు కూడా మిగలదు.

ఇలాంటివి పెద్ద ఎత్తున కూడా జరిగాయి. మన దేశం నుంచి అమెరికా వెళ్లిన ఆనంద మోహన్ చక్రవర్తి 1970ల మొదట్లో ముడి చమురులోని రకరకాల పదార్థాలను ఒక్కటే తినగల బ్యాక్టీరియా అయిన సూడోమోనాస్‌ను తయారు చేశారు. దాని పేటెంటు కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1980లో ఆయనే గెలిచారు. న్యాయశాస్త్రంలో అది పెద్ద మలుపు. కానీ ఆ బ్యాక్టీరియాను సముద్రంలో చమురు మీద వదిలింది లేదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు, బండలు కడగడంతో పాటు శుభ్రం చేసేవాళ్లు నత్రజని, భాస్వరం ఉన్న ఎరువును తీరం మీద చల్లారు. అక్కడి బ్యాక్టీరియా ఆ ఎరువు అందుకుని పని మొదలుపెట్టింది.

మన మట్టిలో అంత సత్తా ఉన్నవి ఉన్నాయా అని మీకు అనుమానం రావచ్చు. ఇది నాకు ఇష్టమైన కథ, కాస్త ఓపిక పట్టండి.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన కేంద్రంలో డయజినాన్ అనే మందు వరి మళ్లలో మళ్లీ మళ్లీ వేస్తే పనిచేయడం మానేసింది. మన దగ్గర రైతు కూడా ఇదే మాట అంటాడు కదా, 'రెండేళ్లు బాగా కొట్టింది, ఇప్పుడు నీళ్లు చల్లినట్టే ఉంది' అని. చాలాసార్లు దానికి కారణం పురుగు మొండిదవడం. అక్కడ మాత్రం వేరే కారణం తేలింది: మందు పురుగును చేరేలోపే మడిలోని బ్యాక్టీరియా దాన్ని తినేస్తోంది. మన దేశ శాస్త్రవేత్త సేతునాథన్, జపాన్‌కు చెందిన యోషిదా కలిసి 1973లో ఆ బ్యాక్టీరియాను వేరుచేసి చూపించారు. డయజినాన్‌తో పాటు అదే కుటుంబపు మందు పారథియాన్‌ను కూడా అది ముక్కలు చేస్తుంది. ఆ పని చేసే జన్యువుకు తర్వాత ఓపీడీ అని పేరు పెట్టారు.

1990లలో మన అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ జిల్లా పొలాల మట్టిలో నుంచే ఫ్లావోబ్యాక్టీరియం బలస్టినం అనే దాన్ని బయటికి తీశారు. అదీ ఈ కుటుంబపు మందులను, అంటే ఆర్గానోఫాస్ఫేట్ మందులను విరగ్గొట్టేదే. దాని జన్యువు చూస్తే ఫిలిప్పీన్స్ దానిదీ, అమెరికాలో దొరికిన ఇంకొకదానిదీ, మనదీ ఒకటే! జాతులు వేరు, దేశాలు వేరు, జన్యువు మాత్రం ఒకటి. ఎందుకంటే అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటుంది, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది. పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టు. ఈ మందులు లోకంలోకి వచ్చి ఇంకా వందేళ్లు కాలేదు. అంతలోనే చెనక్కాయ చేలలోని మట్టి వాటిని తినడం నేర్చుకుంది.

ఆ పని కళ్లారా చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. గాజు కుప్పెలో లవణాలు కలిపిన నీళ్లు, అందులో మిథైల్ పారథియాన్ ఒక చుక్క, రైతులు ఫాలిడాల్ పొడి అనేవారే, అందులో ఉండే మందు. వేరే తిండి ఏదీ లేదు. ఎన్నో ఏళ్లు మందు కొట్టిన చేను నుంచి తెచ్చిన మట్టి ఒక గ్రాము వేసి కదుపుతూ ఉంచాం. రెండో రోజు పొద్దున చూస్తే నీళ్లు పసుపు కలిపినట్టు అయ్యాయి. మా అటెండరు ఎవరో రంగు పోశారనుకున్నాడు. మందు అణువు రెండుగా విరిగితే పారానైట్రోఫినాల్ అనేది బయటికొస్తుంది, ఆ పసుపు దానిదే. మందు విరిగిందని సంబరపడ్డాం గానీ ఆ పసుపు పదార్థం కూడా విషమే. ఇంకో నాలుగు రోజులకు పసుపు పలచబడి, చివరికి నీళ్లు తేటగా అయిపోయాయి. విరగ్గొట్టింది ఒక జాతి, ఆ ముక్కను తిన్నది ఇంకో జాతి. అదే కుప్పెలో నుంచి మొదటి జాతిని ఒక్కదాన్నే వేరు చేసి పెడితే నీళ్లు పసుపుగానే మిగిలిపోయాయి. మట్టిలో ఊరంతా ఉంటుంది. డబ్బాలో ఒకరో ఇద్దరో ఉంటారు.

సగం విరగడం విరగడం కాదని మీరు గట్టిగా పట్టుకోవాలి. క్లోరిపైరిఫాస్ విరిగితే టీసీపీ అనే ముక్క వస్తుంది. అది బ్యాక్టీరియాకే పడదు, పని నెమ్మదిస్తుంది. చెనక్కాయ విత్తనానికి వేరు పురుగు కోసం పట్టించే మందు ఇదే కాబట్టి మీ డబ్బాల్లో ఒకటి తప్పక ఇదై ఉంటుంది. ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీం కోర్టు నిలిపేసింది గానీ పాత డబ్బాలు ఇప్పటికీ షెడ్లలో కనబడుతున్నాయి. అది మట్టిలో ఎండోసల్ఫాన్ సల్ఫేటుగా మారుతుంది. విషం అసలుదానికి తీసిపోదు, పైగా ఎక్కువకాలం ఉంటుంది. కాబట్టి 'వాసన పోయింది, ఇక బాగుంది' అనుకోవద్దు.

డీజిల్ మరక దగ్గరికి వద్దాం. ఇది తేలిక, ముందు దీంతో మొదలుపెట్టండి. డీజిల్ తినే బ్యాక్టీరియా దాదాపు ప్రతి నేలలోనూ ఉంటుంది. అది పని చేయకపోవడానికి కారణాలు లెక్కలో కనిపిస్తాయి. మరక ఒక సెంటు అనుకోండి, అంటే 40 చదరపు మీటర్లు. ఒక అడుగు లోతు లెక్కేస్తే సుమారు 18 టన్నుల మట్టి. 100 లీటర్ల డీజిల్ అంటే 84 కిలోలు. అంటే వంద కిలోల మట్టిలో అరకిలోకు కాస్త తక్కువ. ఇది బ్యాక్టీరియాకు ఇబ్బంది లేని మోతాదు. వంద కిలోలకు ఐదు కిలోలు దాటితేనే దానికీ విషమవుతుంది. ఇంజన్ కింద నల్లగా తారులా గట్టిపడిన చోట అంత ఉండవచ్చు, అక్కడి మట్టిని తవ్వి మిగతా మట్టిలో కలిపి పలచన చేయాలి.

84 కిలోల డీజిల్‌లో కార్బన్ 71 కిలోల దాకా ఉంటుంది. ప్రతి 100 పాళ్ల కార్బన్‌కు 10 పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం ఉంటే బ్యాక్టీరియా ఒళ్లు కట్టుకుంటుంది. ఆ లెక్కన 7 కిలోల నత్రజని, అంటే 15 కిలోల యూరియా. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 10 కిలోలు. ఇది మొత్తం కావలసింది, ఒకేసారి వేసేది కాదు. సెంటు నేలకు 15 కిలోల యూరియా ఒక్కసారి గుమ్మరిస్తే ఉప్పు దెబ్బకు మిగిలిన జీవం కూడా పోతుంది. మూడేసి కిలోలు, మూడు వారాలకోసారి. సూపర్‌ను సగం సగంగా రెండుసార్లు. కొంత డీజిల్ ఈపాటికే ఆవిరై ఉంటుంది కాబట్టి నాలుగో విడతకు వచ్చేసరికి మట్టి వాసన చూసి ఆపేయవచ్చు.

ఇప్పుడు గాలి. జనం దీన్ని పట్టించుకోరు. 84 కిలోల డీజిల్ పూర్తిగా కరిగిపోవాలంటే 280 కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. అంత ఆక్సిజన్ దాదాపు వెయ్యి ఘనపు మీటర్ల గాలిలో ఉంటుంది. మీ మట్టి సందుల్లో ఒక దఫాకు పట్టే గాలి మూడు ఘనపు మీటర్లు! అంటే ఆ మట్టి మూడు వందల సార్లకు పైగా ఊపిరి పీల్చాలి. షెడ్డు జాగా ఏళ్ల తరబడి తొక్కి తొక్కి గచ్చులా అయి ఉంటుంది. అందులోకి పైనుంచి గాలి దిగదు. పన్నెండు వేలు పెట్టి డబ్బా పోసినా ఆ గచ్చు కింద అది చేసేదేమీ లేదు. ఆ డబ్బుతో ఇద్దరు మనుషుల్ని పెట్టి వారానికోసారి పారతో తిరగేయించండి. ట్రాక్టరు తిరిగే చోటయితే రోటవేటర్ చాలు. మొదటిసారి చెనక్కాయ పొట్టు ఐదారు గంపలు కలపండి, మట్టి మళ్లీ అదిమిపోదు.

తేమ ఎంత అంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి తడి తెలియాలి, నీరు కారకూడదు. నీళ్లు నిలిస్తే మళ్లీ గాలి పోతుంది. ఎండాకాలంలో మొదలుపెట్టొద్దు, మే నెలలో మన ఎర్రనేల పైపొర అరికాలు పెట్టనివ్వదు, తేమా నిలవదు. ఆరుద్ర కార్తె వానలు పడ్డాక మొదలుపెట్టి దసరా, దీపావళి దాకా నడపండి. ఆ నాలుగు నెలల్లో తేలిక భాగం చాలావరకు పోతుంది. ఇంజన్ ఆయిల్ మడ్డి మాత్రం మొండిది, దానికి రెండో వానాకాలం కూడా పట్టవచ్చు. వానలు లేని వారాల్లో బోరు నీళ్లు చల్లండి, పైన గడ్డి పలచగా పరచండి.

మీ బామ్మర్ది మాట. జీవామృతంలో పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మన్ను ఉంటాయి. పేడ, మూత్రంలో నత్రజని, భాస్వరం ఉన్నాయి, గట్టు మన్నులో జీవం ఉంది, ఇది నేను చెప్పిన నిజం సగం. బెల్లం దగ్గరే చిక్కు. బెల్లం అందితే బ్యాక్టీరియా డీజిల్ ముట్టదు. ఓళిగలు వడ్డించిన విస్తట్లో చేదు కాకరకాయ మిగిలిపోయినట్టే. తేలిక తిండి ఉన్నంతసేపు కష్టమైన తిండిని తినే ఎంజైములనే తయారు చేసుకోదు. ఇంకో పక్క, పాత పడిన మొండి మందుల విషయంలో కొన్ని జాతులు వేరే తిండి తింటూ అలవోకగా మందును కూడా విరగ్గొడతాయి, వాటికి కాస్త తిండి ఉంటేనే పని. అందుకే డీజిల్ జాగాలో బెల్లం లేకుండా మగ్గిన పేడ ఎరువు మాత్రం వేయండి. మందుల జాగాలో బెల్లం సగానికి తగ్గించి జీవామృతం ఒకటి రెండుసార్లు వాడుకోండి, నష్టం లేదు. బామ్మర్ది నొచ్చుకోడు.

నాకు అసలు టెన్షన్ ఆ తెల్ల పొడి గురించి. మీ తాతగారి కాలం, రెండు సంచులు అంటున్నారు, మనది చెనక్కాయ సీమ కాబట్టి అది బీహెచ్‌సీ కావచ్చు, ఊళ్లో గమాక్సిన్ అనేవారు. ఎర్ర గొంగళి మీద చల్లేవారు. ముక్కవాసన, ఏళ్లు గడిచినా పోదు. ఆ పొడిలో నిజంగా పురుగును చంపే లిండేన్ నూటికి 10 నుంచి 15 పాళ్లే. మిగతాదంతా దాని సోదర రూపాలు, పురుగును పెద్దగా చంపవు, నేలలో మాత్రం తిష్ట వేస్తాయి. బీటా రూపం అన్నిటికన్నా మొండిది. మన దేశంలో బీహెచ్‌సీని 1997లో నిషేధించారు.

దీనికి డీజిల్ వైద్యం చాలదు. దాని అణువులోని క్లోరిన్ ముక్కలు ఊడాలంటే చాలావరకు గాలి లేని నీటి మడుగు కావాలి. నీళ్లు నిలిచిన వరి మడిలో ఇది మెట్ట నేలలో కన్నా త్వరగా పోతుందని కటక్ వరి పరిశోధన కేంద్రంలో ఎన్నడో చూశారు. కానీ మీ ఎర్ర ఇసుక నేలలో అలాగే నీళ్లు కడితే విషం బోరు దారి పడుతుంది. నేనైతే ఇలా చేస్తాను. పొడి రాలిన చోట జానెడు లోతు మట్టి తీసి, ఫారం పాండ్‌కు వేసే మందపాటి ప్లాస్టిక్ పట్ట పరిచిన గుంతలో అడుగు మందం కన్నా తక్కువ పోస్తాను. తరిగిన గడ్డి, పేడ కాస్త కలిపి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి నాలుగు వారాలు కదపను. తర్వాత నీళ్లు పెట్టడం ఆపి, ఆరనిచ్చి, నాలుగు వారాలు తిరగేస్తూ గాలి ఇస్తాను. గాలి లేని దశలో క్లోరిన్ కొంత ఊడుతుంది, గాలి ఉన్న దశలో స్పింగోబియం లాంటి బ్యాక్టీరియా మిగతా పని అందుకుంటుంది. ఇలా రెండు మూడు విడతలు. వాన నీళ్లు నిండి పొర్లకుండా పైన రేకు ఉండాలి. ఆ గుంత దగ్గర మొలిచిన గడ్డిని గొడ్లకు వేయొద్దు, బీహెచ్‌సీ పాల వెన్నలో చేరుతుంది.

బ్యాక్టీరియా వల్ల కానిది కూడా ఒకటి ఉంది. చీనీకి బంక తెగులు వస్తుంది కాబట్టి మీ షెడ్డులో మైలుతుత్తం, కాపర్ ఆక్సీక్లోరైడ్ డబ్బాలు ఉండి తీరతాయి. రాగి లోహం. లోహం విరగదు, కుళ్లదు, ఉన్నచోటే ఉంటుంది, పైగా బ్యాక్టీరియాను చంపుతుంది. నీలి, పచ్చ మరకలు ఉన్న మట్టిని ముందే వేరుగా ఎత్తేయండి, మిగతా మట్టిలో కలపొద్దు. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌కు కూడా ఇలాంటి డబ్బాలు అమ్మజూపేవాళ్లను చూశాను. ఫ్లోరైడ్ అంటే ఫ్లోరిన్ అనే మూలకం రూపమే, దాన్ని తినే జీవి లేదు.

మట్టిలో ప్రాణం ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే పరీక్షలు రెండు చెప్తాను. మూత గట్టిగా పట్టే సీసాలు మూడు తీసుకోండి. ఒకదాంట్లో తోటలోని మంచి మట్టి, ఇంకోదాంట్లో డీజిల్ మరక మట్టి, రెండింటికీ ఒకే తేమ. మూడోది ఖాళీ. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచితే పైన తేరే తేటను చిన్న గిన్నెల్లో పోసి మూడింటిలోనూ పెట్టి మూత బిగించండి. మట్టిలోని జీవం ఊపిరి వదిలితే తేట మీద తెల్లటి పొర కడుతుంది. ఒకటి రెండు రోజుల్లో మరక మట్టి సీసాలో మంచి మట్టి కన్నా మందంగా పొర కట్టిందంటే బ్యాక్టీరియా ఇప్పటికే డీజిల్ తింటోందన్నమాట. పొర చాలా పలచగా ఉంటే మరక మరీ చిక్కగా ఉందని, పలచన చేయాలని అర్థం. ఖాళీ సీసాలో కూడా మందంగా కడితే మీ మూత సరిగ్గా లేదు.

రెండోది వానపాముల పరీక్ష, నాలుగు నెలల పని అయ్యాక చేసేది. ప్లాస్టిక్ తొట్టిలో మధ్యన అట్ట నిలబెట్టి ఒక పక్క మంచి మట్టి, ఒక పక్క వైద్యం చేసిన మట్టి పోయండి. అట్ట తీసేసి సరిగ్గా నడిమి గీత మీద పది వానపాములు వదలండి, పేడ కుప్పలో దొరుకుతాయి. తడి గుడ్డ కప్పి రెండు రోజులు ఉంచి, మళ్లీ అట్ట దించి లెక్కపెట్టండి. ఐదు ఐదుగా, నాలుగు ఆరుగా ఉంటే మంచిదే. ఎనిమిదీ తొమ్మిదీ మంచి మట్టిలోకే పోతే ఇంకా పని మిగిలి ఉంది. దీన్ని పెద్ద ల్యాబుల్లో కూడా ఇలాగే చేస్తారు, మీది చవక, అంతే తేడా. అయితే బీహెచ్‌సీ మట్టికి ఈ పరీక్షలు చాలవు. పురుగుమందు అవశేషాల పరీక్షే చేయించాలి, మామూలు భూసార పరీక్షలో అది కనబడదు. ఎక్కడికి పంపాలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. బోరు నీళ్లను కూడా అదే పరీక్షకు ఇవ్వండి.

డబ్బా ఎప్పుడూ పనికిరాదని నేననడం లేదు. టెరీ అనే పరిశోధన సంస్థ తయారుచేసిన, చమురు తినే బ్యాక్టీరియా మిశ్రమం ఆయిల్ జాపర్‌ను మన దేశంలో శుద్ధి కర్మాగారాల చమురు మడ్డి మీద వాడి ఫలితం చూపించారు. అక్కడ కూడా దాంతో పాటు ఎరువు, తేమ, దున్నడం అన్నీ ఉన్నాయి. మీకు రెండు నెలల తర్వాత కూడా సున్నపు తేట మీద పొర రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం. అప్పుడైనా ముందు నేను చేసేది, పది పదిహేనేళ్లుగా ఇవే మందులు కొట్టిన పక్క చేను గట్టు మట్టి నాలుగు గంపలు తెచ్చి కలపడం. ఆ తోడు ఈ ఎండకు, ఈ నేలకు అలవాటు పడినదే.

ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ. స్ప్రేయర్ ఎక్కడ కడుగుతున్నారు? బోరు పక్కనే అయితే ఈ కథ మళ్లీ మొదలవుతుంది. స్వీడన్‌లో 1993 నుంచి రైతులు స్ప్రేయర్ కడిగే చోట ఒక గుంత పెడుతున్నారు. రెండడుగుల లోతు, అందులో సగం గడ్డి, పావు వంతు పీట్ అనే కుళ్లిన నాచు మట్టి, పావు వంతు సొంత పొలం మట్టి, పైన పచ్చిక. కడిగిన నీళ్లు అందులో ఇంకుతాయి, గడ్డి మీద పెరిగే బూజులు, మట్టి బ్యాక్టీరియా మందును అక్కడే అరిగిస్తాయి. మన దగ్గర పీట్ బదులు బాగా మగ్గిన కంపోస్టు, గడ్డిలో కొంత చెనక్కాయ పొట్టు సరిపోతాయి. అడుగున పట్ట వేయండి, బోరుకు దూరంగా పెట్టండి. రెండు మూడు వేల ఖర్చు.

ఆ సంచుల మీద, డబ్బాల మీద ఏదైనా చీటీ మిగిలి ఉంటే గ్లవ్స్ వేసుకుని దుమ్ము తుడిచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పేరు చదవలేకపోయినా రంగు, వాసన రాయండి, దగ్గరగా పెట్టి మాత్రం పీల్చొద్దు. అది బీహెచ్‌సీనా వేరేదా తేలాకే నీళ్లు కట్టే గుంత తవ్వాలో వద్దో చెప్తాను. అప్పటిదాకా డీజిల్ సెంటు వరకే పని మొదలుపెట్టండి.